ఇంట్లో చిన్న చెక్క పడవ: ఏ సామాను మీద ఖర్చు పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

చెరువులో గాలం వేయడానికో, కాలువ దాటడానికో, సరదాగా కొల్లేటి అంచున తిరగడానికో ఇద్దరు ముగ్గురు పట్టే పడవ ఒకటి సొంతంగా చేసుకోవాలని మీకు ఉందనుకుందాం. మెషీన్లు పెద్దగా అక్కర్లేదు. ఒక జిగ్‌సా, డ్రిల్లు, చిత్రిక ఉంటే సరిపోతుంది. డబ్బంతా సామాను దగ్గరే పోతుంది. చాలామంది ఖరీదైన టేకు కొని, జిగురు మాత్రం చవకది తెస్తారు. చేయాల్సింది దానికి పూర్తిగా తిరగేసి. పడవని నీళ్ల మీద నిలబెట్టేది జిగురు, అడుగు ప్లైవుడ్. ఈ రెండింటి మీద రాజీ పడకండి. మిగతా ప్రతిదాంట్లో బేరం ఆడొచ్చు, పాత సామాను వాడొచ్చు.

అసలు చెక్క పడవే కావాలా అని కూడా ఒకసారి ఆలోచించుకోండి. కొల్లేరు వైపు తాటిమొద్దు తొలిచి చేసే దోనె, కృష్ణా, తుంగభద్రల మీద తిరిగే వెదురు పుట్టి రెండూ దీనికంటే చవక. కాకపోతే దోనె ఒకరిద్దరికి మించి మొయ్యదు, పైగా బరువు. పుట్టిని తిన్నగా నడపాలంటే అలవాటు కావాలి. కారు మీదో ట్రాలీ ఆటోలోనో వేసుకుని తీసుకెళ్లగలిగేది, తిన్నగా పోయేది కావాలంటే మాత్రం ప్లైవుడ్ పడవే మంచిది. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. ప్లైవుడ్ ముక్కల్ని అంచుల వెంట తీగతో కుట్టి, ఆ అతుకుల్ని ఎపాక్సీ జిగురుతో, గాజు పీచుతో నేసిన గ్లాస్ గుడ్డతో మూసేసే పద్ధతి ఇది.

ముందు కొలత తేల్చుకోండి

ప్లైవుడ్ 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు షీట్లలో వస్తుంది. మీ పడవ కొలత ఈ షీటుకి లొంగాలి. 8 అడుగుల లోపు మొద్దుముక్కు పడవకి రెండు షీట్లు చాలు. అతుకు కూడా పడదు. 11, 12 అడుగుల పడవకి మూడు షీట్లు పడతాయి, పొడవులో ఒక అతుకు తప్పదు. 12 దాటి 13 అన్నారంటే నాలుగో షీటు కొనాలి, అందులో సగం వృథా. ఒక్క అడుగు ఆశ ఖర్చుని ఎంత పెంచుతుందో ఇక్కడే తెలుస్తుంది.

షీట్లు కొనే ముందు అట్టపెట్టె ముక్కలతో పదో వంతు నమూనా చేయండి. షీటుని కూడా అదే లెక్కలో అట్ట మీద గీసి, ముక్కలన్నీ దాని మీద పేర్చి చూడండి. వంకర ముక్కల మధ్య మిగిలే చోట్లలో సీటు, వెనకపలక పట్టేస్తాయేమో చూసుకోండి. ఓ సాయంత్రం ఈ పని మీద కూర్చుంటే ఒక షీటు మిగలొచ్చు.

మందం విషయంలో భయపడి ఎక్కువకి పోకండి. 6 ఎంఎం మంచి షీటు ఒక్కోటి సుమారు 12, 13 కిలోలు తూగుతుంది. మూడు షీట్లంటే 38 కిలోల దాకా. చెక్క, జిగురు, రంగు కలిపి 55 కిలోల లోపు పడవ అవుతుంది, ఇద్దరు ఎత్తుకుని గట్టు దిగొచ్చు. అదే 12 ఎంఎం వాడితే ప్లైవుడ్ బరువే 75 కిలోలు. ఖర్చు కూడా దగ్గర దగ్గర రెట్టింపు. అదీగాక 12 ఎంఎం పలక పడవ వంపుకి వంగదు. అడుగు భాగం రెండు చదరపు మీటర్లు ఉంటే, ప్రతి 20 కిలోలకి పడవ ఒక సెంటీమీటరు దిగుతుందని లెక్క వేసుకోండి. అడుగుకి, పక్కలకి 6 ఎంఎం సరిపోతుంది. వెనకపలకకి మాత్రం రెండు 6 ఎంఎం ముక్కల్ని ఒకదాని మీద ఒకటి అంటించండి. కోతల్లో మిగిలిన ముక్కలే దానికి సరిపోతాయి, విడిగా 12 ఎంఎం షీటు కొనక్కర్లేదు.

ప్లైవుడ్ కొనేటప్పుడు

దుకాణంలో 'మెరైన్ ప్లై ఇవ్వండి' అంటే చాలు, ఏదో ఒకటి తీసి చూపిస్తారు. 'వాటర్‌ప్రూఫ్', '710 గ్రేడ్', 'బీడబ్ల్యూపీ' అని పెద్ద అక్షరాలు అచ్చేసి ఉంటాయి. అవి ప్రకటనలే. మీరు వెతకాల్సింది ఐఎస్ఐ గుర్తు, దాని పైన మెరైన్ ప్లైవుడ్ ప్రమాణమైన ఐఎస్ 710 అనే అంకె, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు. ఆ నంబరుని దుకాణంలో నిలబడే, ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు, లైసెన్స్ చెల్లుబాటు వచ్చేస్తాయి. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు ప్లైవుడ్. అందులో ఎంఆర్ (తేమని తట్టుకునేది) అంటే ఇంట్లో బీరువాలకి తప్ప నీళ్ల దగ్గర పనికిరాదు. బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లని తట్టుకునేది) అంటే కాస్త మెరుగు.

తేడా అంతా పొరల మధ్య జిగురులో ఉంటుంది. 710లో ఫినాల్ జిగురు వాడతారు, షీటు పక్క అంచులో చూస్తే పొరల మధ్య ముదురు గోధుమ గీతలు కనిపిస్తాయి. ఎంఆర్ ప్లైవుడ్‌లో యూరియా జిగురు, గీత తెల్లగా, దాదాపు కనిపించకుండా ఉంటుంది. అయితే రంగు కలిపి మోసం చేసేవాళ్లూ ఉన్నారు, అందుకే రంగొక్కటే చూసి నమ్మొద్దు.

నమ్మదగిన పరీక్ష మీ వంటింట్లోనే ఉంది. 710 ప్లైవుడ్ 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా పొరలు విడకూడదని ప్రమాణం చెబుతుంది. అంతసేపు గ్యాసు కాల్చక్కర్లేదు. షీట్లన్నీ కొనే ముందు అదే బ్రాండులో అరచేయంత ముక్క అడగండి. ఇవ్వకపోతే ఒక్క షీటే ముందు కొని, అందులోంచి కోయండి. పాత గిన్నెలో మూత పెట్టి నాలుగైదు గంటలు మరిగించి, ఎండలో బాగా ఆరబెట్టండి. మళ్లీ మరిగించండి, మళ్లీ ఆరబెట్టండి. ఇలా మూడుసార్లు. ఆ తర్వాత చాకు మొన అంచులో పొరల మధ్య పెట్టి మెల్లగా మెలితిప్పండి. మంచి ముక్కలో పొర విడిపోయే బదులు చెక్కే చిట్లి పీచులుగా లేస్తుంది. చెడ్డ ముక్కలో పొర నున్నగా, కాగితంలా ఊడి వస్తుంది. ఆ ఊడిన చోట చెయ్యి పెట్టి చూస్తే పీచు ఒక్కటీ తగలదు. అలాంటి షీటు ఎంత చవకైనా పడవకి పనికిరాదు.

ఇక షీట్లు ఎంచుకునేటప్పుడు అంచుల్ని వరసగా చూడండి. లోపలి పొరల్లో ఖాళీలు ఉంటే నల్లటి కన్నాల్లా కనిపిస్తాయి. ఆ ఖాళీలో నీళ్లు చేరితే అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. షీటు మొత్తం మీద రూపాయి బిళ్లతో కొడుతూ పోండి, బోలు శబ్దం వచ్చిన షీటు పక్కన పెట్టేయండి. 6 ఎంఎంలో ఐదు పొరలున్నది దొరికితే అదే తీసుకోండి. మూడు పొరలది ఒక వైపు బాగా వంగి, ఇంకో వైపు మొండికేస్తుంది.

మరి అన్ని చోట్లా 710 కావాలా? వద్దు. అడుగుకి, పక్కలకి, వెనకపలకకి అదే. సీట్లకి, లోపలి అడ్డపలకలకి బీడబ్ల్యూఆర్ చాలు, ఎలాగూ మూడు పూతల ఎపాక్సీ వేస్తారు. పడవని వాడిన ప్రతిసారీ ఒడ్డుకి లాగి, బోర్లించి ఆరబెట్టే అలవాటుంటే అదీ చాలా ఏళ్లు నిలుస్తుంది.

గట్టి చెక్క ఎక్కడ కావాలి

పై అంచు బద్దలకి, అడుగున వెన్ను బద్దకి, తెడ్డు కొక్కేల దగ్గర బిళ్లలకి మాత్రమే గట్టి చెక్క కావాలి. అంటే రెండు మూడు అడుగుల ముక్కలు కొన్ని, 12 అడుగుల బద్దలు నాలుగైదు. దీనికోసం కొత్త టేకు కొనడం దండగ. పాత ఇళ్లు కూల్చిన చోట తలుపు చట్రాలు, వాసాలు అమ్మే దుకాణాలు ప్రతి పట్నంలో ఉంటాయి. అక్కడ దొరికే పాత టేకు ఎండి ఎండి ఇక వంకర పోవడానికి ఏమీ మిగలని చెక్క. మేకులు ఉన్నాయేమో అయస్కాంతంతో వెతికి తీసేశాకే రంపం పెట్టండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు వేసే ముందు ఆ చోటుని ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే అంటించండి. లేకపోతే అతుకు కొన్నాళ్లకి వదిలేస్తుంది.

టేకు దొరకకపోతే గుమ్మడిటేకు అడగండి. తేలికగా ఉంటుంది, చిత్రిక సులువుగా పడుతుంది, ఎండాక పెద్దగా మెలిక పడదు. నల్లమద్ది, తుమ్మ గట్టివే కానీ బరువు, ఇంత చిన్న పడవకి అంత అక్కర్లేదు. మామిడి చెక్క చవక అని తీసుకోకండి, పురుగు త్వరగా పడుతుంది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క లోపలి సీటు బద్దలకి బాగానే పనికొస్తుంది. దాని మీద హెచ్‌టీ అన్న ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసిందని అర్థం. ఎంబీ అని ఉన్నది ముట్టుకోకండి, అది మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువుతో శుద్ధి చేసింది.

సామిల్లులో పచ్చి చెక్క కొంటే జాగ్రత్త. చేవ ఉన్న ముక్క అడగండి, అంచున తెల్లగా ఉండే పాలచెక్క వద్దు. కొన్న బద్దల్లో ఒకదాన్ని త్రాసులో తూచి రాసిపెట్టుకోండి. నాలుగు రోజులకోసారి మళ్లీ తూచండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆరిందని లెక్క. అంతవరకు జిగురు జోలికి పోవద్దు.

జిగురు: ఇక్కడ చెయ్యి ముడుచుకోవద్దు

తెల్ల జిగురు, డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా, వంటింటి తలుపులకీ బాత్రూమ్ అలమరాలకీ తప్ప పడవ అడుగుకి పనికిరాదు. రోజంతా నానితే మెత్తబడుతుంది. దుకాణాల్లో దొరికే చిన్న ఎపాక్సీ ట్యూబులు మంచివే కానీ కిలో లెక్కన చూస్తే గుండె ఆగుతుంది. మీకు కావాల్సింది ఫైబర్ పని చేసేవాళ్లు, ల్యాబుల వాళ్లు కిలోల్లో కొనే ఎపాక్సీ. మన దేశంలో బాగా వాడుకలో ఉన్న జత ఎల్‌వై 556 రెజిన్ (అసలు జిగురు), హెచ్‌వై 951 హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది). 100 గ్రాముల రెజిన్‌కి 10 గ్రాముల హార్డెనర్, బరువులో. వేరే బ్రాండు కొంటే దాని డబ్బా మీద ఉన్న లెక్కే పాటించండి. కళ్లతో చూసి పోస్తే కుదరదు. 10 గ్రాముల దగ్గర రెండు గ్రాముల తేడా అంటే ఐదో వంతు తేడా, ఆ జిగురు ఎప్పటికీ జిడ్డుగానే ఉంటుంది. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి ఈ పనికే పెట్టుకోండి.

12 అడుగుల పడవకి అతుకులు, లోపలా బయటా పూతలు కలిపి 5 నుంచి 7 కిలోలు పడుతుంది. బిల్లులో ఇదే పెద్ద అంకె కావచ్చు. అది చూసి 'మరి పాలిస్టర్ రెజిన్ సగం ధర కూడా లేదు కదా' అనిపిస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో మత్స్యకారుల ఫైబర్ పడవలన్నీ దాంతోనే చేస్తారు, నిజమే. కానీ ఆ పడవ మొత్తం ఫైబరే, రెజిన్ రెజిన్‌నే పట్టుకుంటుంది. చెక్కని పాలిస్టర్ గట్టిగా పట్టుకోదు. చెక్క నీళ్లు పీల్చి ఉబ్బి, ఎండకి ముడుచుకుంటూ ఉంటే, రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి గ్లాస్ గుడ్డ పెచ్చులా లేచి వస్తుంది. ఆ లోపల నీళ్లు చేరి కుళ్లు బయటికి కనపడకుండా నడుస్తుంది. ఇంకో సంగతి: పాలిస్టర్‌తో వచ్చే కోబాల్ట్ ద్రావకాన్ని, ఎంఈకేపీ అనే కెటలిస్ట్‌ని నేరుగా కలిపితే మండి పేలుతుంది. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. ఇంట్లో పిల్లలు తిరిగే చోట అలాంటి టెన్షన్ ఎందుకు?

ఎపాక్సీని మిగుల్చుకునే దారులు కొన్ని ఉన్నాయి. అతుకుల మూలల్లో నింపడానికి ఎపాక్సీలో కలిపే పొడి కొనక్కర్లేదు. మీరు ఇసుక కాగితంతో రుద్దగా వచ్చిన మెత్తటి చెక్క పొడి జల్లించి దాచుకోండి, అదే వేరుశనగ వెన్నలా చిక్కబడేదాకా కలపండి. ఒకేసారి 200 గ్రాములకి మించి కలపొద్దు. మన ఎండాకాలంలో గిన్నెలో కుప్పగా ఉన్న ఎపాక్సీ దాని వేడికి అదే ఉడికి, పొగలు కక్కి, పది నిమిషాల్లో రాయి అయిపోతుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి వాడితే వృథా తగ్గుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. పొద్దున చెక్క వేడెక్కుతున్నప్పుడు పూత వేస్తే చెక్కలోని గాలి బయటికి తన్నుకొచ్చి పూతంతా బుడగలు. సాయంత్రం చల్లబడుతున్నప్పుడు వేస్తే చెక్క ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది. వానాకాలంలో, ముసురు పట్టినప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. తేమకి పైన మైనం లాంటి జిడ్డు పొర ఏర్పడుతుంది. ఎప్పుడైనా అలా కనిపిస్తే తర్వాతి పూతకి ముందు నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడిగేయండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఒకసారి ఎపాక్సీ చర్మానికి పడకపోవడం మొదలైతే ఇక జీవితాంతం దద్దుర్లే.

గ్లాస్ గుడ్డ, తీగ, స్క్రూలు

అతుకుల మీద వేయడానికి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) అల్లిన గ్లాస్ గుడ్డ మీటర్ల లెక్కన కొనండి. మూడంగుళాల టేపు చుట్టలుగా కూడా అమ్ముతారు కానీ ధర ఎక్కువ. గుడ్డని ఐమూలగా, మూడంగుళాల పట్టీలుగా మీరే కత్తిరించుకుంటే మూలల్లో చక్కగా ఒదుగుతుంది. ఫైబర్ దుకాణం వాళ్లు 'మ్యాట్ తీసుకోండి, చవక' అంటారు. పీచులు చిందరవందరగా అతికించిన ఆ మ్యాట్ పాలిస్టర్ కోసం చేసింది. అందులో పీచుల్ని పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లో కరుగుతుంది గానీ ఎపాక్సీలో కరగదు. మ్యాట్ గట్టిగా, తెల్లగా ఉండిపోతుంది.

కుట్టడానికి పాత ఇంటి వైరింగ్ రాగి తీగ పైతొడుగు తీసి వాడండి. స్క్రాప్ కొట్టులో కిలో లెక్కన దొరుకుతుంది. సన్నటి కేబుల్ టైలు కూడా పనిచేస్తాయి.

స్క్రూల దగ్గర చిన్న చిట్కా. ఫాల్స్ సీలింగ్‌కి వాడే నల్ల స్క్రూలు చవక, కానీ నీళ్లలో కొన్ని నెలలకే తుప్పు. వాటిని బిగింపు కోసం మాత్రమే వాడండి: జిగురు ఆరేదాకా పలకల్ని పట్టి ఉంచి, ఆరాక తీసేసి కన్నాలు ఎపాక్సీ ముద్దతో నింపేయండి. స్క్రూకి, చెక్కకి మధ్య పాలిథిన్ ముక్క పెడితే అంటుకోదు. పడవలో శాశ్వతంగా ఉండే స్క్రూలు, తెడ్డు కొక్కేల దగ్గరవీ, లాగే రింగువీ, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి. ఉప్పునీటికైతే 316. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి రాణీగంజ్‌లో విడిగా దొరుకుతాయి. జేబులో చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి, గట్టిగా అతుక్కుంటే అది తక్కువ రకం స్టీలు. 304 స్క్రూ కాస్త లాగినట్టు అనిపించినా గట్టిగా పట్టదు.

క్లాంపులు ఎన్ని ఉన్నా చాలవు, ఒక్కొక్కటీ ధర చూస్తే కొనబుద్ధి కాదు. నాలుగంగుళాల పీవీసీ పైపుని ఒకటిన్నర అంగుళం వెడల్పు రింగులుగా కోసి, ప్రతి రింగునీ ఒకచోట చీల్చండి. విప్పి అంచు బద్దకి తగిలిస్తే గట్టిగా పట్టుకుంటాయి. ఆరడుగుల పైపు నుంచి నలభై దాకా వస్తాయి. అంటుకోకూడని చోటల్లా గోధుమ రంగు ప్యాకింగ్ టేపు వేయండి, ఎపాక్సీ దాన్ని పట్టుకోదు.

రంగు

ఎపాక్సీకి ఎండ పడదు. పసుపెక్కి, పొడిపొడిగా అవుతుంది. పైన రంగు తప్పనిసరి. పడవల రంగు అని విడిగా అమ్మేది కొనాల్సిన పనిలేదు. ఒడ్డున ఉంచుకునే పడవకి ఎపాక్సీ ప్రైమర్, దాని మీద మామూలు ఎనామెల్ రెండు పూతలు చాలు. ఎపాక్సీ బాగా గట్టిపడ్డాక, కడిగి, రుద్ది, అప్పుడు ప్రైమర్ వేయండి. తాజా ఎపాక్సీ మీద నేరుగా ఎనామెల్ వేస్తే వారమైనా ఆరదు. లేత రంగులు వాడండి, ముదురు నీలం, నలుపు మన ఎండకి ప్లైవుడ్‌ని కాల్చేస్తాయి.

పాతకాలం వాళ్లు గుగ్గిలం నూనెలో కాచి అతుకులకి పట్టించేవాళ్లు, పలాస వైపు దొరికే జీడి పెంకు నూనె పూసేవాళ్లు. పలకల పడవకి అవి ఇప్పటికీ మంచివే. ఎపాక్సీ వేయబోయే చెక్కకి మాత్రం ముందే నూనె తగలనివ్వకండి, జిగురు పట్టదు. జీడి నూనె చర్మానికి తగిలితే పుండ్లు పడతాయి కూడా.

తెడ్డు, తేలే ఏర్పాటు

తెడ్డుకి సరుగుడు కర్ర, చివర మిగిలిన 6 ఎంఎం ముక్క. లోతు లేని చోట తోసుకోవడానికి వెదురు గెడ. వీటికి దుకాణానికి పోవాల్సిన పని లేదు.

పడవ నీళ్లతో నిండినా మునిగిపోకుండా ఉండాలంటే సీట్ల కింద గాలి నిల్వ ఉండాలి. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నీళ్లలోకి దిగితే దాదాపు 2 కిలోల బరువుని పైకి నెడుతుంది. మూతలు బిగించిన సీసాలు ముప్పై, వలలో కట్టి సీట్ల కింద ఇరికిస్తే 60 కిలోల తేలే బలం ఊరికే వచ్చినట్టే. థర్మోకోల్ కూడా వాడొచ్చు, పెట్రోలు తగిలితే కరిగిపోతుంది కాబట్టి మోటారు పెట్టాలనుకునేవాళ్లకి వద్దు. లైఫ్ జాకెట్లు మాత్రం మనిషికొకటి, కొత్తవి కొనండి. చెరువు పంచాయతీదో ఇరిగేషన్ వాళ్లదో కనుక్కుని, నీళ్లలోకి దించే ముందే అడగండి.

కొనే వరస ఇలా పెట్టుకోండి. ముందు అట్ట నమూనా, తర్వాత ప్లైవుడ్, అదీ దసరా అయ్యి వానలు తగ్గాక. ఇంట్లో గోడకి నిలబెట్టొద్దు, వంగిపోతుంది. కింద మూడు బద్దలు పరిచి, వాటి మీద పడుకోబెట్టండి. ఆ తర్వాత పాత చెక్క, కోతలు. రెజిన్, హార్డెనర్ అన్నింటికన్నా చివర, ముక్కలన్నీ కుట్టి సిద్ధం చేసుకున్నాక. హార్డెనర్ డబ్బా మూత తెరిచి వదిలేస్తే గాలిలో తేమ పీల్చి పాడవుతుంది. అందుకే ముందు ఒక కిలో సెట్టు తెచ్చి, రెండు పనికిరాని ముక్కల్ని అంటించి చూడండి. మర్నాడు సుత్తితో కొట్టి విరగ్గొట్టండి. అతుకు దగ్గర కాకుండా చెక్క దగ్గర విరిగితే మిగతా కిలోలు అదే దుకాణంలో తెచ్చుకోవచ్చు.